మోతలో నిద్ర

పసిపిల్లలకి పగటి నిద్ర ఎందుకన్నాడు మా మిల్లు మేనేజరు. ఆయన మటుకు రోజూ భోజనం కాగానే ఆఫీసు గది తలుపు దగ్గరగా వేసుకుని, బూట్లు విప్పి, సోఫాలో గంటన్నర పడుకుంటాడు. ఆ గంటన్నరలో సంతకం కావాలన్నా, ఒంట్లో బాగాలేక సెలవు కావాలన్నా తలుపు తట్టకూడదు. యాభై దాటిన మనిషికి లేకపోతే గడవని నిద్ర నాలుగు నెలల పిల్లకి ఎందుకట. రెండేళ్లయింది. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

మా నేత షెడ్డు చివర పిల్లల గది ఉండేది. షెడ్డుకీ గదికీ మధ్య గోడ, గోడలో కిటికీలా పెద్ద గాజు అద్దం. లోపల ఇనుప గొట్టానికి ఎనిమిది గుడ్డ ఉయ్యాలలు వేలాడేవి. పిల్లల్ని చూసుకోవడానికి ఒక ముసలామె ఉండేది, అందరం ఆయమ్మ అనేవాళ్లం. మగ్గం దగ్గర నిలబడి తల తిప్పితే అద్దంలోంచి ఎవరి ఉయ్యాల వాళ్లకి కనిపించేది. ఆయమ్మ రెండు అరచేతులూ కలిపి చెంపకి ఆనించిందంటే పిల్ల నిద్రపోయినట్టు. ఛాతీ మీద వేలు పెట్టిందంటే పాలకి ఏడుస్తున్నట్టు.

మా షెడ్డులో మాటలన్నీ అంతే. అరవై మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కమనిషి అరిచినా వినబడదు. అందుకని చేతులతో, పెదవులతో మాట్లాడుకుంటాం. మావాళ్లు చేతులతో తిట్టుకోగలరు, మేనేజరు నడకని వెక్కిరించగలరు, ఇంట్లో కూరేమిటో చెప్పుకోగలరు. మా ఆయన మిల్లు ఫిట్టరు. నన్ను చేసుకుంటానని అడిగింది కూడా నా పదిహేడో నంబరు మగ్గం కింద వెల్లకిలా పడుకుని, చేతులతోనే. నోరు అబద్ధమాడుతుందేమో గాని చేతులు ఆడవని అప్పట్లో నాకో గట్టి నమ్మకం.

మా పాపకి మూడో నెల రాగానే నేను పనిలో చేరాను. దాన్ని ఆయమ్మ చేతిలో పెడితే, పాలు తాగి, రెండు ఊపులకే కళ్లు మూసేది. పొద్దున ఒక కునుకు, మధ్యాహ్నం రెండు గంటల నిద్ర, సాయంత్రం మరో కునుకు. గడియారం పెట్టుకుని పుట్టిందని ఆయమ్మ నవ్వేది.

ఎండలు ముదిరాక మిల్లుకి నూలు ఎక్కువ వచ్చింది. ఒక సోమవారం మేం వెళ్లేసరికి పిల్లల గదిలో ఉయ్యాలలు లేవు. నూలు బస్తాలు గుమ్మం దాకా పేర్చి ఉన్నాయి. ఆయమ్మ తన సంచీ పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. ఇక రానవసరం లేదని చెప్పారట. మధ్యాహ్నం దాకా గేటు దగ్గరే కాచుకుని, ఎనిమిది మంది తల్లులం చంకల్లో పిల్లలతో మేనేజరు గదికి వెళ్లాం. ముందు పెద్దక్క నడిచింది. మా నేతగత్తెల్లో అందరికంటే పాతది. ఇరవై రెండేళ్ల మగ్గం మోతకి చెవులు సగం పోయి, బయట కూడా షెడ్డులో ఉన్నట్టే గొంతెత్తి మాట్లాడుతుంది.

"పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టమంటారు సార్?"

"నెమ్మదిగా మాట్లాడమ్మా, చెవుడు నాకు కాదు. ఇళ్లలో పడుకోబెట్టుకోండి. అయినా ఆ మోతలో పసిపిల్లలు ఎక్కడ నిద్రపోతారు? గదన్న పేరే గాని, అందులో ఒక్క పిల్ల నిద్రపోగా నేను చూడలేదు."

"మీరు ఎప్పుడొచ్చి చూశారు?"

"రాత్రి పడుకుంటారుగా, పగలు కూడా ఎందుకు? బద్ధకం అలవాటవుతుంది" అని చేతి గడియారం చూసుకున్నాడు. ఒంటిగంటన్నర. ఆయన పడుకునే వేళ.

మర్నాడు నలభై మంది ఆడవాళ్లం మగ్గాలు ముట్టలేదు. గేటు ముందు నీడకి పరదా కట్టి కూర్చున్నాం. మిల్లులో ఫిట్టర్లు ఆరుగురు. వాళ్లూ పనిముట్ల సంచులు గేటు పక్కన పెట్టేసి మాతో కూర్చున్నారు. మా బలమంతా ఆ ఆరుగురే. బయటి ఊళ్లనుంచి నేతపనివాళ్లని తెచ్చుకోవచ్చు గాని, ఏ మగ్గం ఎప్పుడు మొరాయిస్తుందో, దేనికి ఎక్కడ బిగించాలో తెలిసినవాడు లేకపోతే వచ్చినవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోవలసిందే.

"గది తెరిచేదాకా స్పానరు పట్టను. నా కూతురు పడుకున్న గది అది" అన్నాడు మా ఆయన, అందరి ముందూ. నేను గర్వంగా అందరికేసీ చూశాను. ఆ గర్వం ఎంత చవకో తర్వాత తెలిసింది.

మా ఇల్లు మిల్లు వెనక గోడకి ఎదురుగా. మధ్య ఒక సన్న వీధి, అంతే. మగ్గాలు ఆగాక మొదటి రెండు రోజులూ మా వీధికి ఆ నిశ్శబ్దం భోగంలా తోచింది. కాకి అరుపు వింటున్నాం, ఎదురింట్లో గిన్నె పెట్టిన చప్పుడు వింటున్నాం. మగ్గం మోతలోనే పుట్టి పెరిగిన జనం మేం. నిశ్శబ్దమంటే మాకు దొరల సొత్తు.

మూడో రోజు నుంచి పాప పగలు నిద్రపోవడం మానేసింది.

ఆవలించేది. పిడికిళ్లతో కళ్లు నులుముకునేది. ఉయ్యాల్లో వేయగానే కళ్లు ఇంతలు చేసి పైకప్పు చూసేది. ఊపితే ఏడుపు, ఆపితే ఏడుపు. భుజాన వేసుకుని వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే, నడిచినంతసేపూ తల వాల్చి, కూర్చోగానే తలెత్తేది. నాలుగో రోజుకి మా వీధిలో దానికి వాచ్‌మన్ అని పేరు పడిపోయింది. "వాచ్‌మనైనా పగలు ఇంటికెళ్లి పడుకుంటాడే, నీకు ఈ డ్యూటీ ఎవరు వేశారే?" అని ఎదురింటి పిన్ని బుగ్గ గిల్లేది. సాయంత్రానికి దానికి ఏడవడానికి కూడా ఓపిక ఉండేది కాదు. పాలు నాలుగు గుక్కలు తాగి, అలసిపోయి వదిలేసేది. రాత్రి పడుకుంటే ఉలికిపాట్లు.

చప్పుడు వల్లే నిద్ర పట్టడం లేదని వీధి తీర్పు చెప్పేసింది. అంతే, అందరూ కట్టుబడ్డారు. ఇస్త్రీ చేసే ఆయన తన బండిని వీధి చివరికి తోసుకుపోయాడు. కుళాయి కింద చుక్కలు పడే చోట ఎవరో గుడ్డ వేశారు. పిల్లలందరినీ అవతలి వీధికి తరిమారు. పెద్దక్కని మా గుమ్మం ఛాయలకి రావద్దన్నారు, పాపం, ఆవిడ దూరంగా నిలబడి చేతులతో అడిగి వెళ్లేది. నలభై మంది ఆడవాళ్లు ఒక్క పిల్ల కోసం మునివేళ్ల మీద నడిచారు. ఎంత చప్పుడు తగ్గిస్తే పాప అంతకంత మేలుకుంది. చివరికి నేను చీర సవరించుకున్నా ఉలిక్కిపడేది. అయినా మాలో ఒక్కరికీ బుర్ర వెలగలేదు.

మూడో వారంలో నర్సు తక్కెడ పట్టుకుని వచ్చింది. వీధిలో పసిపిల్లల్ని తూచి, కార్డులో రాసి పోయే నర్సు. మాట కటువు, చెయ్యి మెత్తన.

"గంటన్నరకి మించి మెలకువగా ఉంచకు. కళ్లు నులుముకున్నా, చెవి లాక్కున్నా, నీకేసి చూడకుండా ముఖం తిప్పుకున్నా అదే నిద్ర వేళ. ఆ వేళ దాటిందంటే అలసట మీదపడి ఇక పడుకోదు. కిటికీకి గుడ్డ కట్టి చీకటి చెయ్యి. పాలు పట్టు, కాసేపు ఆడించు, మగతలో ఉండగానే ఉయ్యాల్లో వెయ్యి. ఒళ్లో నిద్రపోయిన పిల్లని తెచ్చి వేస్తే, కళ్లు తెరిచేసరికి నువ్వు కనబడక బెదిరిపోతుంది."

"అన్నీ చేస్తున్నానమ్మా."

"రోజూ ఒకే వరసలో చెయ్యి. ఒకరోజు చేసి ఒకరోజు మానితే దానికేం తెలుస్తుంది?" అని పాపని తూచింది. ముల్లు చూసి, మళ్లీ తూచింది. "మూడు వారాల్లో ఏమీ పెరగలేదు. నిద్ర లేని పిల్ల సరిగా తాగదు, తాగని పిల్ల సరిగా పడుకోదు. ఇంకో పదిహేను రోజులు చూద్దాం. అప్పటికీ కదలకపోతే ఆసుపత్రిలో పెట్టాలి."

నర్సు గడప దాటగానే మా అత్త అందుకుంది.

"నీ కోపం పాలల్లోకి దిగుతోంది. పొద్దస్తమానం గేటు దగ్గర కూర్చుని అరిచి వచ్చి, ఆ పాలే పడితే పిల్లకి నిద్రెలా పడుతుంది? గది గది అని నువ్వు పట్టుకున్నావు, ఇక్కడ పిల్ల చిక్కిపోతోంది."

"నా కోపమే పాలల్లోకి దిగితే, అది ఏడుస్తూ పడుకోదత్తా. లేచి వెళ్లి మేనేజరుని ఒక తన్ను తన్ని వస్తుంది."

నవ్వులాటకి అన్నాను గాని అత్త మాట నాకు ముల్లులా దిగింది. ఆ రోజు గేటు దగ్గర నోరు విప్పకుండా కూర్చున్నాను. పిల్లకి పాలిచ్చేటప్పుడు కోపం రాకూడదని నన్ను నేను బతిమాలుకున్నాను. నా కోపాన్ని కూడా నేనే దాచుకోవలసి వచ్చింది చూశారా, తప్పు చేసినవాడు తన గదిలో హాయిగా ఉన్నాడు.

పాప నిద్ర సంగతి మేనేజరు చెవిన పడింది. నాలుగో వారం మాట్లాడటానికి పెద్దక్కనీ నన్నూ పిలిచి, నింపాదిగా అన్నాడు: "మీ పాప ఇంట్లో కూడా నిద్రపోవడం లేదటగా. వీధంతా ఊపిరి బిగపట్టుకున్నా నిద్రపోని పిల్ల, అరవై మగ్గాల మోతలో నిద్రపోయేదంటే నన్ను నమ్మమంటారా? లేని నిద్ర కోసం గది అడుగుతున్నారు మీరు."

నా పిల్లనే తీసుకొచ్చి నాకే అడ్డం వేశాడు. పెద్దక్క ఏదో అరిచింది. నేను మాత్రం లేచి బయటికి వచ్చేశాను.

మా ఆయన సంగతి చెప్పాలి. మొదటి వారాల్లో వంక పెట్టడానికి లేదు. పాపని గుండె మీద వేసుకుని గదిలో గంటలు గంటలు తిరిగేవాడు. తర్వాత్తర్వాత తిరుగుతూనే నిట్టూర్చేవాడు. ఐదో వారంలో ఒక ఉదయం చొక్కా తొడుక్కుంటూ అన్నాడు.

"ఏటి అవతల చిన్న మిల్లులో పది రోజుల పనుంది. వెళ్లొస్తాను."

"మాటిచ్చావుగా, స్పానరు పట్టనని."

"అది ఈ మిల్లుకి. ఆ మిల్లుకీ మన సమ్మెకీ ఏం సంబంధం? పాపని ఆసుపత్రిలో పెట్టాల్సి వస్తే వట్టి చేతులతో వెళ్తామా?"

నిజమే అనిపించింది. డబ్బాలో అన్నం కట్టి ఇచ్చాను. నాకేసి చూడకుండా పాప పాదాలకేసి చూస్తూ, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని మాట్లాడాడు. చేతులు జేబుల్లో ఎందుకు పెట్టాడో ఆలోచించలేదు. గేటు దగ్గర పెద్దక్క మీ ఆయన ఏడీ అంటే, "ఏటి అవతలికి పోయాడు, పిల్ల కోసం" అని తలెత్తి మరీ చెప్పాను.

మర్నాడు మధ్యాహ్నం రెండవుతోంది. కిటికీకి దుప్పటి కట్టి, పాలు పట్టి, నర్సు చెప్పిన వరసలోనే పాపని ఉయ్యాల్లో వేశాను. ఏడుపు అందుకుంటుందని ఉయ్యాల తాడు చేత్తో పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. పాప ఏడవలేదు. ఒకసారి ఆవలించింది. రెండు చేతులూ తల పక్కకి పడేసింది. రెప్పలు బరువుగా దిగాయి, తెరుచుకున్నాయి, దిగాయి, మళ్లీ తెరుచుకోలేదు.

నేను తాడు ఊపను కూడా లేదు. ఐదు వారాల తర్వాత నా కూతురు పగటిపూట నిద్రపోయింది. నాకు ఏడుపొచ్చింది. గోడకి జారబడి, ముక్కు కొంగుతో మూసుకుని, చప్పుడు కాకుండా ఏడ్చాను. నర్సు చెప్పిన వరస పనిచేసిందనుకున్నాను. నా పాలు మంచివే అనుకున్నాను.

అప్పుడు వీపుకి గోడ అదురు తెలిసింది.

సన్నగా, లోపల్నుంచి. చెవి ఆనించాను. మగ్గాలు. అరవై కాదు, నాలుగో ఐదో. టక్ టక్ మని, నూలు పోగు మోసే నాడె ఇటూ అటూ కొడుతోంది. పుట్టిన దగ్గర్నుంచి పాప వింటున్న చప్పుడు, దాని పక్కలో పడుకున్న చప్పుడు. వీధంతా పూనుకుని మేం దానికి లేకుండా చేసింది ఇదా అని నెత్తి కొట్టుకున్నాను.

తర్వాత ఇంకో సంగతి వినబడింది. ఆ నాలుగైదు మగ్గాల్లో ఒకటి నత్తిగా ఆడుతోంది. నాడె కుడి నుంచి ఎడమకి పోతే టక్ అంటుంది, తిరిగి వచ్చేటప్పుడు ట-టక్ అంటుంది. అది నా పదిహేడో మగ్గం. ఎనిమిదేళ్లు దానితో కాపురం చేశాను, నాకు తెలియదా. దాని వెనక బిగింపు విరిగిపోయి చాలా కాలమైంది. పాత బెల్టు ముక్క నాలుగు మడతలు పెట్టి సందులో దూరిస్తే తప్ప ఆడదు. ఆ మడత ఎంత మందం ఉండాలో, ఎంత లోపలికి తోయాలో ఒక్క మనిషికే తెలుసు. ఇంకో ఫిట్టరు ఒకసారి ప్రయత్నిస్తే నాడె ఎగిరి ట్యూబ్‌లైటు పగలగొట్టింది.

ఏటి అవతల మిల్లు మా గోడ అవతలే ఉందన్నమాట.

అత్త గుమ్మంలో బియ్యం ఏరుతోంది. వెళ్లి ముందు కూర్చున్నాను. పాప పడుకుంది గనక గుసగుసలతోనే తిట్టుకోవలసి వచ్చింది.

"నీకు తెలుసా?"

అత్త బియ్యంలోకే చూస్తూ, "నేనే వెళ్లమన్నాను" అంది. "మేనేజరు కబురు పెట్టాడు. బయటి నుంచి ఐదుగురు నేతపనివాళ్లని తెచ్చారట, నూలు లారీలో బస్తాల వెనక కూర్చోబెట్టి. ఒక్క ఫిట్టరు కావాలన్నారు. ఎన్నాళ్లని ఇలా?"

"అందరి ముందూ మాటిచ్చాడు అత్తా. దాని గది కోసం."

"మాట తింటామా, కట్టుకుంటామా? పిల్ల బతకాలి ముందు."

"పిల్ల పేరెత్తకు. ఒకడు పిల్ల నిద్రపోదు గనక గది వద్దంటాడు. ఒకడు పిల్ల నిద్రపోదు గనక దొడ్డిదారిన పనికి పోతాడు. నువ్వు పిల్ల నిద్రపోదు గనక నా పాలకి పేరు పెడతావు. అందరికీ నా పిల్లే దొరికిందా?"

గుసగుసలో కూడా నా గొంతు చీరుకుపోయింది. అత్త చేతిలో చేట ఆగింది. నేను లేచి, పాపని ఉయ్యాల్లోంచి మెల్లగా తీసి, గుండెకి ఆనించుకుని, తల మీద పల్చటి గుడ్డ కప్పి, భుజాన ఒక దుప్పటి వేసుకుని బయల్దేరాను.

"ఎండలో ఎక్కడికే?" అంది అత్త.

"పడుకోబెట్టడానికి."

వీధి చుట్టి ముందు గేటుకి వెళ్లాలి. అక్కడ పెద్దరోడ్డు, బస్సుల రొద. పరదా కింద కూర్చున్న మావాళ్లకి షెడ్డు చప్పుడు చేరలేదు. నన్ను చూసి పెద్దక్క నోరు తెరిచింది. నేను ఒక చేత్తో పాపని పట్టుకుని, రెండో చేత్తో చెప్పాను: పాప నిద్రపోయింది. మగ్గాలు ఆడుతున్నాయి. ఐదు. ఫిట్టరు ఎవరో చెప్పడానికి చెయ్యి లేవలేదు గాని లేపాను. మా ఆయన.

ఇరవై రెండేళ్లుగా గొంతు తగ్గించడం తెలియని మనిషి, తెరిచిన నోరు అలాగే మూసుకుంది. నలభై మందీ లేచారు. ఒక్క కేక లేదు. ఇంతకుముందు ఎన్ని నినాదాలిచ్చామో, అప్పుడెప్పుడూ గేటు తాత ముఖంలో అంత భయం చూడలేదు.

గేటు తాత మిల్లు కాపలాదారు. చిన్న తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. అలవాటు కొద్దీ గదమబోయి, గుడ్డ కింద పాప ముఖం చూసి గొంతు దించాడు.

"లోపలికి ఎవర్నీ పంపొద్దన్నారమ్మా."

"ఇప్పుడే కళ్లు మూసింది తాతా. పిల్లల గదిలో పడుకోబెట్టి వస్తాను."

తాత పాపకేసి చూశాడు, ఆఫీసు గదికేసి చూశాడు. అది మేనేజరు నిద్రవేళని ఆయనకీ తెలుసు. "పసిపిల్లల్ని పంపొద్దని నాకు ప్రత్యేకంగా ఏం చెప్పలేదు" అని గొణిగి గడియ తీశాడు. నా వెనక ఎంతమంది వచ్చారో ఆయన లెక్కపెట్టలేదు, గోడకేసి తిరిగి నిలబడ్డాడు.

షెడ్డులో అడుగుపెడుతుంటే మోత దగ్గరైంది. పాప భుజం మీద ఇంకా మెత్తబడింది, చెయ్యి వేలాడేసింది. పిల్లల గది తలుపు తీసి, అడ్డంగా ఉన్న రెండు బస్తాలు పక్కకి జరిపి, చదునుగా ఉన్న దాని మీద దుప్పటి పరిచి పడుకోబెట్టాను. కదల్లేదు. అద్దం మీద దుమ్ము కొంగుతో తుడిచాను.

అద్దంలోంచి మా ఆయన కనిపించాడు. పదిహేడో మగ్గం ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. తలెత్తి నన్ను చూశాడు. నా వెనకే వచ్చి, మగ్గాల మధ్య నడవలో ఒకరి పక్కన ఒకరు నిలబడుతున్న ఆడవాళ్లని చూశాడు.

ఎందుకొచ్చావు, అన్నాయి అతని చేతులు.

నేను రెండు అరచేతులూ కలిపి చెంపకి ఆనించాను. నిద్రపోయింది. ఇక్కడ.

దాని కోసమే చేశాను, అన్నాడు. నేను బస్తా మీద పాపని చూపించి, గది నాలుగు గోడలూ చూపించాను. దాని కోసం ఇదిగో. అతను ముఖం తిప్పుకుని మగ్గం మీదికి వంగాడు. బిగించడానికి అక్కడేమీ లేదు, అయినా బిగించాడు. అంతమందిలో నన్ను అలా వదిలేసి వంగాడే, అప్పుడు నాకు వచ్చిన కోపం ముందు మేనేజరు మీద కోపం ఏపాటిది.

ముందు ఆపింది అతను కాదు. అద్దానికి దగ్గరగా ఉన్న మగ్గం మీద బయటి ఊరి ఆమె ఒకతె పనిచేస్తోంది. ఇరవై రెండేళ్లుంటాయేమో, కళ్ల కింద నల్లగా ఉంది. ఆమెకి మా చేతి మాటలు రావు. కాని చెంపకి ఆనించిన అరచేతులు ఏ మిల్లులోనైనా ఒకటే. ఆమె అద్దంలోంచి పాపని చూసింది. చూస్తూ చూస్తూ ఉంటే, చీర మీద తొడుక్కున్న ఆమె చొక్కా ముందు భాగం రెండు చోట్ల తడిసింది. ఆమె కూడా ఎక్కడో ఒక పిల్లని పడుకోబెట్టకుండా వచ్చిందే. చొక్కాకేసి చూసుకుని, చెయ్యి చాచి మగ్గం ఆపేసింది.

పక్కామె ఆమెను చూసి ఆపింది. తర్వాత ఇంకోటి, ఇంకోటి. చివరికి పదిహేడో మగ్గం ఒక్కటే నత్తిగా కొట్టుకుంటూ మిగిలింది. ఇంత పెద్ద షెడ్డులో అది ఒక్కటే. మా ఆయన దాని పిడి మీద చెయ్యి వేసి, ఎంతసేపు ఉన్నాడో. ఎవరూ అతని మీద చెయ్యి వేయలేదు. పిడి లాగాడు.

మగ్గం ఆగగానే ఇద్దరు లేచారు. ఒకరు మా పాప. చెయ్యీ కాలూ కొట్టుకుని, ముఖం ఎర్రగా చేసుకుని, బస్తా మీద గుక్కపెట్టింది. రెండోవారు మేనేజరు. ఆఫీసు గదిలో సోఫా కిర్రుమంది. సాక్సులతోనే గుమ్మంలోకి వచ్చాడు. చెంప మీద సోఫా గీతలు పడి ఉన్నాయి, జుట్టు ఒకవైపు లేచి ఉంది.

"ఏమైంది? మగ్గాలు ఎందుకాగాయి?"

నేను పాపని ఎత్తుకుని గదిలోంచి బయటికి వచ్చాను. ఆ షెడ్డులో మామూలు గొంతుతో నేను మాట్లాడటం అదే మొదటిసారి.

"ఇంత మోతలో మీకు నిద్రెలా పడుతుందండీ?"

ఆయనకి ఇంకా మత్తు వదల్లేదు. ఆవలింత చేత్తో ఆపుకుంటూ, మామూలుగా, మర్యాదగానే చెప్పాడు.

"అలవాటైపోయిందమ్మా. ఇది ఆగితేనే నాకు మెలకువ వస్తుంది."

అన్నాక చూశాడు. నా భుజం మీద ఏడుస్తున్న పాపని చూశాడు, నా వెనక బస్తా మీద పరిచిన దుప్పటిని చూశాడు, నడవ పొడుగునా నలభై మందిని చూశాడు. తన మాట తనకే అప్పుడు వినబడినట్టుంది. ఒక కాలి మీద ఒక కాలు వేసుకుని, సాక్సులు దాచుకోబోయాడు.

"అందరూ విన్నారా?" అంది పెద్దక్క. ఈసారి ఆవిడ గొంతు తగ్గించుకోలేదు.

తొమ్మిది రోజులకి నూలు బస్తాలు బయటికి పోయాయి. ఉయ్యాలలు మళ్లీ కట్టారు, ఆయమ్మ సంచీతో తిరిగి వచ్చింది. మేనేజరు మటుకు ఇప్పటికీ ఆ గది తన ఆలోచనేనని వచ్చినవాళ్లకి చూపిస్తాడు. తక్కెడ ముల్లు ముందుకి జరిగింది, నర్సు ఈసారి మళ్లీ తూచలేదు. బయటి ఊరి ఆమె మాతోనే ఉండిపోయింది, వాళ్ల బాబుది చివరి ఉయ్యాల.

మా ఆయన్ని ఏం చేశావని అడుగుతారు. ఏమీ చేయలేదు. అన్నం పెడుతున్నాను, మాట్లాడుతున్నాను. క్షమించానా అంటే లేదు. ఆ రోజు అద్దం ముందు ముఖం తిప్పుకున్న సంగతి నాకు పోదు. పాపకి అవేమీ పట్టవు, దానికి నిద్ర వస్తే చాలు. ఇప్పుడు ఆదివారాలు మిల్లుకి సెలవు, మగ్గాలుండవు. ఆ పూట నిద్రపుచ్చే పని అతనిదే, అది నేను వేసిన శిక్ష. ఉయ్యాల పక్కన కూర్చుని, పాత నాడె ఒకటి పట్టుకుని చెక్క మీద కొడుతూ ఉంటాడు. పదిహేడో మగ్గంలాగే, నత్తిగా, టక్, ట-టక్. చెయ్యి నొప్పెట్టి ఆపితే పాప ఒక కన్ను తెరుస్తుంది. నేను వంటింట్లోంచి బయటికి కూడా రాను.

"ఆపావేం? కానీ."